పక్క మంచం చిలకమ్మది

మంగళవారం

ఈరోజు డయాలసిస్‌కి వెళ్తే నా పక్క మంచం మీద చిలకమ్మ లేదు, ఎవరో కొత్తాయన ఉన్నాడు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు నాతో కబుర్లు చెప్పే మనిషి ఆమె ఒక్కతే. నర్సమ్మని అడిగితే, "ఇక రానని చెప్పిందండీ" అంది.

మంచం మీంచే ఫోన్ చేశాను.

"ఏటే, రాకపోతే బతుకుతావా?"

"వానకి మా కొండ దారి కొట్టుకుపోనాది అక్కా. జీపు దొరికేదాకా మా ఆయన నన్ను మోసుకొస్తన్నాడు. ఎన్నాళ్లని మోస్తాడు?" అంది నవ్వుతూ.

మందులు ఉచితం, మిషను ఉచితం. నేను ఆటో ఎక్కితే పది నిమిషాల్లో ఆస్పత్రిలో ఉంటాను. ఆమెకి మాత్రం కొండ దిగగలిగితేనే వైద్యం. ఇంత సంపద ఉన్న దేశం వైద్యం అందరి హక్కు అన్నాక, అక్కడికి చేరడం ఆమె ఒక్కదాని తిప్పలెలా అవుతుంది? ఎవరిని అడగాలో కూడా తెలియదు.

"మా ఇంట్లో ఉండిపోవే. ఉన్నది నేనొక్కదాన్నే" అన్నాను.

"మా ఆయన్ని అడిగి సాయంత్రం సెప్తానక్కా" అంది.

ఇంకా ఫోన్ రాలేదు. ఈలోగా ఇంటికొచ్చి ముందు గది ఊడ్చి మడత మంచం వేశాను. దుప్పటి పరుస్తుంటే చాన్నాళ్లకి హుషారొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఆమె బతకాలని పిలిచానా, ఈ ఇంట్లో ఇంకో గొంతు వినపడాలని పిలిచానా...

ఏదైతేనేం, గురువారం డయాలసిస్‌లోపు ఆమె కొండ దిగాలి.