వెంకన్న ముందు బీరు గిన్నె

శామీర్‌పేట

అమ్మా, అందరం బాగున్నాం, నా మనసే ఒక చోట నిలవడం లేదు. ఫోనైతే నువ్వు స్పీకర్‌లో పెడతావు, అందుకే కార్డు. నిన్న మా ఆయన స్నేహితుల పార్టీకి చీజ్ కరిగించి, బీరు పోసి, సకినాలు ముంచుకు తినడానికి డిప్ చేశాను. కొత్త వంటకం ఏదైనా అత్తమ్మ మొదట దేవుడికి పెడుతుంది. నేను చూసేసరికి గిన్నె వెంకన్న పటం ముందుంది! భయపడుతూనే బీరు సంగతి చెప్పాను. ఆమె గిన్నె తీసి పక్కనున్న పోచమ్మ ముందు పెట్టింది. "గీ తల్లికి నడుస్తది. మీ మామకు జెప్పకు" అన్నది.

వెంకన్నకు ఏం మొక్కాలో అవ్వనడిగి జల్దీ రాయి. సకినాలు అయిపోయాయి, పంపు. బాపు మోకాలు ఎట్లుంది? అవ్వకు దండాలు.

ప్రసాదం తిన్న మామయ్య పొద్దుటి నుంచీ ఒకటే మాట: "శనివారం వెంకన్నకు గదే జెయ్యాలె బిడ్డా!"

నీ స్నిగ్ధ