మన బోటి ఎందుకు అరగదు?

మంగళవారం

ఈరోజు పదో తరగతిలో జీర్ణవ్యవస్థ పాఠం చెబుతుంటే శ్రావణి లేచింది. "మేడం, మేక బోటి, అంటే దాని కడుపు, పేగులు తింటే అరుగుతది గదా. మరి మన కడుపుల ఉన్న బోటి ఎందుకు అరగదు?" ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను, ఇంత మంచి ప్రశ్న ఎవ్వరూ అడగలేదు! రేపు చెబుతానని తప్పించుకుని, ఇంటికి రాగానే పుస్తకాలు ముందేసుకున్నాను.

ఎంత ముచ్చటైన ఏర్పాటో! కడుపు లోపలి గోడకు జిగురు పొర ఉంటుంది. యాసిడ్‌ను విరిచే క్షారం అందులోనే ఊరుతుంది. పాడైన కణాల చోట కొన్ని రోజులకే కొత్తవి పుడతాయి.

అన్నం దగ్గర ఉండబట్టలేక మా ఆయనకు చెప్పేశాను. బొగ్గుబాయిలో సున్నపురాయి పొడి చల్లే పని ఆయనది. ఇట్టే పట్టేశాడు.

"గిది మా పనే గదా! బొగ్గు దుమ్ముకు నిప్పంటుకోకుంట మేం గోడలకు పొడి చల్లుతం. కడుపు సుత తనకు తనే చల్లుకుంటున్నదన్నట్టు."

"చల్లుడు ఆపితే ఎట్ల బావా?"

"అమ్మో, ఎట్ల ఆపుతరు!"

"మరి పొద్దుగాల ఖాళీ కడుపుతోని నువ్వు మింగే మోకాళ్ల నొప్పుల గోలీ ఆ జిగురును సరిగ్గ ఊరనియ్యదట."

 ఆ మాట అంటుండగానే నాకు గుర్తొచ్చింది. మొన్న దొడ్డికి నల్లగా అయిందన్నాడు. "బాయి దుమ్ము మింగెటోనికి తెల్లగ వస్తదా?" అని తనే అంటే ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నలుపు కడుపులో పుండు పడి కారిన నెత్తురు కూడా కావచ్చని ఇందాకే చదివాను.

గోలీల అట్ట నా బ్యాగులో వేసుకున్నాను. పొద్దున్నే దవాఖానకు పోతున్నాం. శ్రావణికి జవాబు ఎల్లుండి. ఆ పిల్ల అడగకపోయుంటే రేపు కూడా ఆయన ఆ గోలీ మింగి డ్యూటీకి పోయేవాడు...