పండ్లపొడి లక్ష్మి, నా రాజ్యలక్ష్మి

1955 మే 1, రాజంపేట. ఉదయం.
పండ్లపొడి కంపెనీవాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇవాళ తెరిచాను. అట్ట మీదా, వాళ్ల కేలండరు మీదా ఉన్న లక్ష్మీదేవి నేను వేసిందే. పండ్లు కనబడేలా నవ్వించమన్నారు, నవ్వించాను. దేవత అలా ఇకిలిస్తుందా? చాలు. ఇక అంగళ్ల బోర్డులు లేవు, డబ్బాల మీద బొమ్మలు లేవు. అసలైన చిత్రం ఒక్కటైనా వేస్తాను. చిన్నప్పుడు డ్రాయింగు మాస్టరు అన్నాడు: "ఓబులేసూ, నీకు చెయ్యి తిరిగింది గానీ కన్ను తెరుచుకోలేదప్పా." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

సాయంత్రం.
దేన్ని వెయ్యాలో తేలింది. నా భార్య రాజ్యలక్ష్మమ్మను. ఉన్నది ఉన్నట్టు.

మే 2.
పొయ్యి ముందు కూర్చోబెట్టి కదలొద్దన్నాను.
"సంగటి మాడితే నీ బొమ్మ తింటావా?" అంది.
సంగటి మాడింది. కళకు త్యాగం తప్పదు. తిన్నాను.

మే 4.
రామకోటయ్య శెట్టి వచ్చాడు. బజారులో కొత్తగా బట్టలంగడి కట్టాడు, బోర్డు రాయాలట. రాయనన్నాను.
"ఏమప్పా, ఒళ్లు బాగలేదా?"
కళాకారుణ్ణి అయ్యానని చెప్పాను.
"సరే, తగ్గినాక రాయి" అని పోయాడు.

మే 6.
ఎండకు రంగు కుంచె మీదే ఆరిపోతోంది. పని సాగలేదు. తప్పు నాది కాదు.

మే 7.
రామకోటయ్య బోర్డు రాశాను. అక్షరాలు బొమ్మలు కావు కదా. నియమం బొమ్మలకే.

మే 9.
పండ్లపొడికి ఇంకో లక్ష్మి. దేవుడి పని వ్యాపారమెలా అవుతుంది? పైగా ఈసారి రెండు పండ్లు తక్కువే చూపించాను.

మే 12.
బియ్యం తెమ్మంటే మరిచిపోయి రంగులు తెచ్చాను. రాజ్యలక్ష్మమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి నా వైపు తిరిగింది. ఆ కళ్లు పొగకు ఎర్రబడి ఉన్నాయి. చెమటకు కుంకుమ కరిగి ముక్కు మీదికి జారింది. ఇన్నేళ్లలో ఈ ముఖాన్ని నేను సరిగా చూడనే లేదు.
"అట్లే ఉండు" అన్నాను. ఆమె తిడుతూనే ఉంది, నేను వేస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి పూర్తయింది. ఇది ఇకిలించే లక్ష్మి కాదు. మనిషి.

మే 13.
రామకోటయ్య వచ్చి బొమ్మ ముందు ఆగిపోయాడు. ఒకడుగు వెనక్కి కూడా వేశాడు.
"నా అంగడికి ఇదే కావాల. ఇచ్చెయ్యప్పా."
ఇన్నాళ్లకు ఒక రసికుడు! కళను అమ్మకూడదు కాబట్టి ఊరికే ఇచ్చేశాను. ఎవరి ముఖమో ఆయన పోల్చుకోలేదు, నేనూ చెప్పలేదు.

మే 15.
అంగడి ప్రారంభం. ఇద్దరం పోయాం. లోపల గోడలన్నీ వెతికినా నా బొమ్మ లేదు. రాజ్యలక్ష్మమ్మ నన్ను బయటికి పిలిచింది. వాకిలి పైన, బూడిద గుమ్మడికాయకూ పాత చెప్పుకూ మధ్య వేలాడుతోంది. దిష్టిబొమ్మ చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.
తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె తలెత్తి చాలాసేపు చూసింది.
"నేను ఇట్లుంటానా?"
"కోపమొస్తే."
"లోపల నీ లక్ష్మి కేలండరు ఉండాది. ఎవురన్నా చూసినారా? ఈడ చూడు. పోయేవాళ్లంతా నిలబడి నా మొగం చూసి పోతాండారు."
నిజమే. ఒంటిమిట్ట నుంచి వచ్చిన రైతు ఒకడు నెత్తి మీది మూట దించి మరీ చూశాడు. నా కన్ను తెరుచుకుందో లేదో గానీ, ఊరి కళ్లన్నీ దాని మీదే ఉన్నాయి. మాస్టరు ఉంటే చేయి పట్టుకుని తీసుకొచ్చేవాణ్ణి. ఏడుపొచ్చింది, సంతోషంగానూ ఉంది.

మే 18.
కొత్తిల్లు కట్టిన పుల్లన్నకు 'అట్లాంటిదే' కావాలట. శేషన్న మిద్దెకూ ఒకటి. కోరలు పెట్టి ఇవ్వమన్నాడు.
రేపటి నుంచి అసలైన కళ తప్ప మరొకటి ముట్టను. ఈ రెండూ అయిపోనీ.
రాజ్యలక్ష్మమ్మ అప్పుడే పొయ్యి ముందు కూర్చుని కళ్లు పెద్దవి చేసింది. నవ్వు ఆగడం లేదు ఆమెకు. కోపంగా చూడమన్నాను.
"ఊరికే కోపం యాడొస్తాది? బజారుకు పోయి ఏమన్నా మర్చిపోయి రా."
బియ్యం సంచి ఇంట్లోనే పెట్టి బయలుదేరాను.