పందొమ్మిదిన్నర అంగుళాలు

జూన్ 3, మంగళవారం

అత్తయ్య చేతికి కట్టు తీశారు. కుడి మణికట్టు. వేళ్లు ఇంకా సరిగా ముడుచుకోవడం లేదు. పదహారో తేదీ నుంచి వారానికి మూడు రోజులు, ఉదయం ఏడున్నరకి ఫిజియోథెరపీకి రమ్మన్నారు. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. మళ్లీ కత్తెర పట్టుకోగలనా అని డాక్టర్ని రెండుసార్లు అడిగింది.

బస్సెక్కితే ఆమెకి కడుపులో తిప్పుతుంది. ఆఫీసుకి వెళ్తూ బండి మీద దింపుతానన్నాను. వెనక కూర్చుని దేన్ని పట్టుకోవాలి బాబూ అని అడిగింది.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

జూన్ 4

తను, నా భార్య, పోయి ఏడు నెలలు. వాళ్లమ్మ, అత్తయ్య, నాకు తోడుంటానని వచ్చి ఆరు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ‘నువ్వు’ అనలేదు.

జూన్ 7, శనివారం

సీట్లు కుట్టే షాపుకి వెళ్లాను. నా బండికి ముందు ఒకే సీటు. వెనక మడ్‌గార్డ్ మీద అరచేయంత మెత్త, అంతే. ఆ వంపు చూసే కొన్నాను.

షాపాయన మూడు రకాలు చూపించాడు. మొదటిది వెల్డింగ్ చేసేది. గట్టిది, ఇక ఊడదు. రెండోది బోల్టులతో బిగించేది. తీయాలంటే స్పానరు, పావుగంట. మూడోది తాళంతో వచ్చేది. తాళం తిప్పి లాగితే సీటూ బ్యాక్‌రెస్టూ కలిసి చేతిలోకి వచ్చేస్తాయి. మిగతా రోజుల్లో బండి ఎప్పటిలాగే ఉంటుందన్నాడు. ఆ మాట నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది. అయినా మూడోదే తీసుకున్నాను.

షాపాయన నవ్వాడు. బండి నడుం చూసుకునేవాళ్లే ఎక్కువ సార్, వెనక మనిషి నడుం చూసేవాళ్లు తక్కువ అన్నాడు. తర్వాత కూర్చునే మనిషి కొలత అడిగాడు, సీటు మీంచి భుజం ఎముక దాకా. పందొమ్మిదిన్నర అన్నాను. అందరూ ‘ఇంత’ అని చేతులు చాపుతారట, నేను అర అంగుళంతో సహా చెప్పానట. డ్రాఫ్ట్స్‌మన్‌ని అని చెప్పాను.

ఈ మోడల్‌కి ఎప్పటినుంచి చేస్తున్నారని అడిగాను. బండి మార్కెట్లోకి వచ్చిన ఏడాది నుంచీ అన్నాడు.

అడగకుండా ఉండాల్సింది.

జూన్ 14, శనివారం

సీటు వచ్చింది. బిగించి ఇంటికి తెచ్చాను. బండి స్టాండు మీద ఉండగా అత్తయ్యని కూర్చోమన్నాను. దిండు వీపుకి కాదు, మెడకి తగిలింది. ఎడమ చేయి వెనక్కి పెట్టి జానతో కొలిచింది. ఆమెకి టేపు అక్కర్లేదు.

ఇది నా కొలత కాదు బాబూ అంది. ఇంకోసారి జాన వేసి చూసింది. తర్వాత మెల్లగా, “ఇది దానిది” అంది. కూతురికి తండ్రి పోలిక, నడుం పొడుగు. చిన్నప్పటినుంచి జాకెట్లన్నీ ఈమే కుట్టింది.

షాపులో నేను చెప్పింది తన కొలతని అప్పుడు తెలిసింది నాకు. దిండు కిందికి దింపిస్తానన్నాను. వద్దు, అలాగే ఉండనివ్వండి అంది. కళ్లు తుడుచుకుంది.

నా మీద ప్రేమతో చూసింది. అది భరించలేకపోయాను.

జూన్ 15, ఆదివారం

రాయాలి.

కిందటేడు తనకి నడుం నొప్పి మొదలైంది. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం. వెనక ఆనుకోవడానికి ఏదైనా పెట్టించమంది. ఒక సాయంత్రం టేపు నా చేతికిచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది. కొలిచాను. చీటీ మీద రాసి నా పర్సులో తనే పెట్టింది. వారం తర్వాత తనతో, ‘షాపులో అడిగాను, ఈ బండికి అలాంటివి చేయరట’ అని చెప్పాను.

నేను ఏ షాపుకీ వెళ్లలేదు.

బండి వికారంగా కనిపిస్తుందని. అంతే. దీనికన్నా పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు అలాగే నా వెనక కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా నడుం మీద చెయ్యి పెట్టుకోవడం అద్దంలో కనిపించేది. ఒకరోజు సిగ్నల్ దగ్గర అద్దాన్ని పక్కకి తిప్పేశాను, వచ్చే లారీలు కనబడాలన్నట్టు. తను చూసిందో లేదో తెలియదు.

తనని తీసుకుపోయింది నడుం నొప్పి కాదు. స్టాఫ్ రూములో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. తలలో నరం చిట్లిందన్నారు. కాబట్టి నా తప్పేం లేదని ఎవరైనా అంటారు. నేను అనుకోలేను.

జూన్ 16

మొదటి రోజు. హాయిగా ఉంది అంది. ఇంటికొచ్చాక చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. అల్లుడు అర అంగుళం కూడా మరిచిపోలేదట. ఇలాంటి మనిషి దొరకడం దాని అదృష్టమట.

పక్క గదిలో విన్నాను.

జూన్ 18

ఫిజియోథెరపీ అమ్మాయికి కూడా చెప్పింది. ఆ అమ్మాయి నావైపు చూసి తల ఊపింది. మా ఆయనకి నా చెప్పుల సైజు కూడా తెలీదు సార్ అంది. బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాను.

జూన్ 19, సాయంత్రం

చెప్పేశాను.

వంటగది గడప దగ్గర కూర్చుని రబ్బరు బంతి నొక్కుతోంది. ముప్పై వరకు లెక్కపెట్టాలి. ఆమె పన్నెండు దగ్గర ఉండగా మొదలుపెట్టాను. చీటీ, షాపు, అబద్ధం, అద్దం. ఏమీ వదలలేదు. ఆమె లెక్క ఆగిపోయింది.

ఒక్కటే అడిగింది.

“లేదని చెబితే అదేమంది?”

“పోనీలే అంది.”

తల వంచుకుంది. బంతి పక్కన పెట్టి ఎడమ చెయ్యి చాపింది.

“సీటు తాళం ఇలా ఇవ్వు.”

ఇచ్చాను. కత్తెరలు పెట్టుకునే డబ్బాలో వేసి మూత పెట్టింది.

‘ఇవ్వు’ అంది.

జూన్ 20, శుక్రవారం

రానంటుందనుకున్నాను. ఏడింటికి చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఎక్కింది. దారి పొడుగునా ఆనుకోలేదు. నిటారుగా కూర్చుంది, ఎడమ చేత్తో సీటు అంచు పట్టుకుని. స్పీడ్ బ్రేకర్లు ఏడు. ప్రతిదాని దగ్గరా తెలిసింది.

జూన్ 21

సెలవు. బండి సీటుతోనే ఉంది. వికారంగానే ఉంది. తాళం అడగలేదు.

జూన్ 23, సోమవారం

బయల్దేరే ముందు అద్దాన్ని మళ్లీ వెనక్కి తిప్పాను. అత్తయ్య ముఖం కనిపించింది. నిటారుగానే ఉంది. మూడు స్పీడ్ బ్రేకర్ల దాకా చూస్తూనే ఉన్నాను.

“రోడ్డు చూసి నడుపు” అంది.

ఆనుకుంది.