ఆడపిల్లల హాలుకు ఒక్క వాక్యం

జూలై 14, సోమవారం

నలభై రెండు కుర్చీలు. నలభై ఒకటి నిండాయి, తొమ్మిదిన్నరకే. ఫ్యాన్ల చప్పుడు, పేజీలు తిప్పే చప్పుడు... అంతే. ఎరువుల గోదాముగా ఉన్నప్పుడు ఇదే గదిలో రెండు నిమిషాలు నిలబడలేకపోయేవాళ్ళం. ఆరేళ్ళ క్రితం గోదాము కమిటీ వాళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి దీన్ని ఆడపిల్లల చదువు హాలు చేయించింది నేనే. పెబ్బేరులో ఎవరినడిగినా చెప్తారు. గోడ మీద ఉద్యోగాలొచ్చిన పదకొండు మంది ఫోటోలు. మీసం ఉంటే మెలేసేదాన్ని.

పదకొండింటికి గుమ్మంలో ఒక మనిషి. పొడుగ్గా, ఆకుపచ్చ చుడీదార్, భుజాన సంచి. నోరు తెరిచాక గొంతు విని తెలిసింది — ట్రాన్స్‌జెండర్. పేరు గౌతమి. ఊరు గద్వాల వైపు. చీరలకు కుచ్చులు కడుతుందట. బీఈడీ అయింది, టెట్ రాయాలి. "ఒక్క రూముల నలుగురం ఉంటం మేడం. సదువుకోనీకి జాగ లేదు."

ఫారం ఇచ్చాను. పైన నేనే అచ్చు వేయించిన ముక్క — మహిళలకు మాత్రమే. అది చదివింది. నా ముఖం చూసింది. పేరు రాసి సంతకం పెట్టింది. కింద నేను పెట్టాల్సిన సంతకం మాత్రం పెట్టలేదు. రేపు రమ్మన్నాను.

జూలై 15, మంగళవారం

మళ్ళీ "రేపు" అన్నాను. ముప్పై నాలుగేళ్ళు బడిలో, రేపు అన్న పిల్లలతో ఆ రోజే హోంవర్కు చేయించిన దాన్ని. సిగ్గుగా ఉంది.

జూలై 16, బుధవారం

సంతకం పెట్టేశాను. నేను అడగకుండానే కలెక్టరాఫీసు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఎన్ని గుమ్మాల దగ్గర అడిగి ఉంటారో, అలవాటైపోయింది.

నా బల్ల పక్కనే ఆమెకు వేరే కుర్చీ వేయించాను. మెత్త కూడా పెట్టించాను, గౌరవంగా ఉంటుందని. పొద్దంతా నన్ను నేను మెచ్చుకుంటూనే ఉన్నాను. సాయంత్రం పోతూ అంది — "మేడం, బడిల అల్లరి చేసినోళ్లనే గదా టీచరు పక్కన కూసోబెట్టేది?" నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

రేపటి నుంచి కిటికీ వరుసలో, అందరితో.

జూలై 17, గురువారం

కిటికీ వరుసలో కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. ఇద్దరు పిల్లలు ఆ కుర్చీలు వదిలేసి కింద చాప మీద కూర్చున్నారు. నేను వాళ్ళను ఏమీ అనలేదు. అనాల్సింది.

జూలై 19, శనివారం

సంత రోజు. లారీలు, అరుపులు, కిటికీలు మూసినా ఆగవు. మధ్యాహ్నం ఖాజా భాయ్ వచ్చాడు — హాలులో చదువుకునే రెహానా వాళ్ళ నాన్న, మేకల వ్యాపారి. బేరం సగంలో వదిలేసి వచ్చినట్టున్నాడు, చేతిలో తాడు అలాగే ఉంది. గుమ్మం దాటలేదు. ఆరేళ్ళలో ఏ మగవాడూ దాటలేదు.

"మేడం, మా ఖాందాన్ల డిగ్రీ సదివిన ఆడపిల్ల ఇదొక్కతే. ఆడోళ్లే ఉంటరని మీరు జబాన్ ఇచ్చిన్రు. గందుకే పంపిన."

"ఆడవాళ్ళే ఉన్నారు భాయ్."

"గామె?"

"ఆమె కూడా."

ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. ఆయన కేకలేస్తే బాగుండేది, నేనూ వేసేదాన్ని. వేయలేదు. "నేను ఆమెను బద్‌నాం చెయ్యనీకి రాలే మేడం. మా ఇండ్లల్ల పెండ్లయితే గామె అసొంటోళ్లొచ్చి దీవిస్తరు, దువా ఇస్తరు, మేం ఇజ్జత్ ఇస్తం. గాని నేను ఆడపిల్ల తండ్రిని. నెలాఖరు దాంక సూస్త. ఎనక నా బిడ్డను ఇంట్లనే ఉంచుకుంట."

ఆయన పోయాక చూశాను. రెహానా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అన్నీ వినిపించే ఉంటాయి.

జూలై 21, సోమవారం

గౌతమి గురించి పదిహేడు సంతకాలతో అర్జీ. నాకు కాదు, నేరుగా కమిటీకి! మొదటి సంతకం సునీతది — రోజూ శ్రీరంగాపూర్ నుంచి బస్సులో వచ్చే పిల్ల, నా ఆశలన్నీ పెట్టుకున్న పిల్ల. ఒంటికాలి మీద లేచాను. కాగితం చేతికొచ్చాక చదివితే మొదటి వాక్యమే — గడియ లేని బాత్రూం ఉన్న హాలులో మాకు భయంగా ఉంది.

"గడియ లేదని నాకెప్పుడైనా చెప్పారా?" సునీతను పిలిచి అడిగాను.

"మూడుసార్లు చెప్పినం మేడం. సూస్తనన్నరు. రెండేండ్ల సంది ఒకరు లోపలికి పోతే ఒకరు బయట నిలబడ్తున్నం."

చెప్పారు. ఇప్పుడు గుర్తొస్తోంది, మూడుసార్లూ గుర్తొస్తోంది. ఫోటోలకు ఫ్రేములు కట్టించడానికి వనపర్తికి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. గడియ బిగించడానికి మనిషిని పిలవలేదు. తల కొట్టేసినట్టయింది.

రెహానా సంతకం పెట్టలేదు. ఎందుకో అడగలేదు.

జూలై 22, మంగళవారం

కమిటీ మీటింగు. ప్రెసిడెంటు ముఖం వెలిగిపోతోంది. "ఈ పంచాయితీ మనకెందుకు మేడం? ఆడోళ్ల హాలు అనే మాటే తీసేద్దాం. మగపిల్లగాండ్లు కూడ కూసుంటరు. అందరికి ఒక్కటే రూలు, తకరార్ ఉండదు." ఆరేళ్ళుగా ఈ మాట అనే సందు కోసమే కాచుకుని ఉన్నాడు.

కుదరదన్నాను. బల్ల మీద చేత్తో కొట్టాను కూడా.

"అట్లయితే ఎవరు రావాలె, ఎవరు రావొద్దు — ఒక్క వాక్యంల రాసియ్యండి. చట్టం ముంగట నిలవాలె. హాలుల ఉన్న పిల్లలందరు సంతకం పెట్టాలె. ఒకటో తారీకు పొద్దుగాల మీటింగు. ఒక్క సంతకం తక్కువైనా నేను చెప్పిందే."

హాలు పోతే సగం మంది పిల్లలు ఇళ్ళలోనే ఆగిపోతారు. రెహానా మొదటిది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇంటికొచ్చి రాజేశ్వరికి ఫోను. నా దగ్గర పదో తరగతి చదివింది, ఇప్పుడు నాగర్‌కర్నూల్ కోర్టులో వకీలు. "ఆడవాళ్లకు ప్రత్యేకంగా చోటు పెట్టొచ్చని రాజ్యాంగంల ఉంది మేడం. ట్రాన్స్‌జెండర్లను వేరుగ చూడొద్దని ఇంకో చట్టం ఉంది. రెండూ చట్టమే. రెండు మీ హాలు గుమ్మం కాడ ఎదురుపడితే ఏది ముందు పోవాల్నో మాత్రం ఎవ్వరూ రాయలే."

"ఇంత చదివి చెప్పేది ఇదా?"

"తెల్వకుంటే తెల్వదని చెప్పుమని మీరే నేర్పిన్రు గదా మేడం."

కోపం రావాల్సింది. గర్వం వచ్చింది.

జూలై 23, బుధవారం

మహిళలు, ట్రాన్స్ మహిళలు మాత్రమే — అని రాసి గౌతమికి చూపించాను. "రెండు కుప్పలు చేసిన్రు మేడం" అంది.

మహిళలందరూ — అని రాసి సునీతకు చూపించాను. "అంటే ఎవరు మేడం? రేపు ఎవడో వచ్చి నేనూ ఆడదాన్నే అంటే?"

రెండూ కొట్టేశాను. ఇద్దరూ సరిగ్గానే అడిగారు. పిల్లలకు వ్యాసాలు దిద్దినంత తేలిక కాదు ఇది.

జూలై 24, గురువారం

గౌతమి నీళ్ళ సీసా. పొద్దున నిండుగా వస్తుంది, సాయంత్రం నిండుగానే పోతుంది. వారంగా కళ్ళ ముందే ఉంది, ఇవాళ అర్థమైంది. తొమ్మిది నుంచి ఆరు దాకా గుక్కెడు తాగదు. తాగితే బాత్రూంకు పోవాలి. పోతే బయట తోడు నిలబడేది ఎవరు? అడిగి కాదనిపించుకోవడం కంటే ఎండుకుపోవడమే నయమనుకుంది.

గడియ బిగించే వడ్రంగి ఇవాళ వస్తానన్నాడు. రాలేదు.

జూలై 25, శుక్రవారం

ఇవాళ జరిగింది రాసి తీరాలి. చేయి ఆగడం లేదు.

నెలవారీ మాక్ టెస్టు ఇవాళ. రెండున్నర గంటలు. గౌతమి అందరికంటే ముందు రాసేసి పేపరు మూసి కూర్చుంది. రెహానా కుర్చీలో కదులుతోంది, అటు చూస్తోంది, ఇటు చూస్తోంది. ఆమెకు రోజూ బాత్రూంకు తోడెళ్ళే పిల్ల ఇవాళ రాలేదు. మిగతా వాళ్ళంతా తల ఎత్తకుండా రాస్తున్నారు. నేనే వెళ్దామని మోకాళ్ళు పట్టుకుని లేవబోతున్నాను. రెహానా నాకంటే ముందు లేచింది. నేరుగా కిటికీ వరుసకు పోయింది.

"అక్కా, జర తలుపు కాడ నిలబడ్తవా?"

గుసగుసే, కానీ హాలంతా వినిపించింది. గౌతమి నా వైపు చూసింది. నేను రిజిస్టరులోకి తల దించుకున్నాను. ఇద్దరూ పోయారు. ఆ తలుపుకు వీపు ఆనించి, చున్నీ నడుముకు బిగించి, చేతులు కట్టుకుని నిలబడింది గౌతమి. పోలీసులు కూడా అంత బుద్ధిగా నిలబడరు.

రెహానా బయటికొచ్చింది. "నువ్వూ పోయి రా అక్కా. నేనుంట."

గౌతమి కదల్లేదు. ఒక నిమిషం... అంతకంటే ఎక్కువే. తర్వాత లోపలికి పోయింది. రెహానా తలుపు ముందు నిలబడింది. మిగతా వాళ్ళంతా తలలు ఎత్తి చూస్తున్నారు. పక్కవాళ్ళ పేపర్లన్నీ తెరిచే ఉన్నాయి, ఎవరూ కాపీ కొట్టలేదు.

పదకొండు ఫోటోలకూ కలిపి నాకు ఇంత గర్వం రాలేదు. ఆ పిల్ల అర్జీ మీద సంతకం ఎందుకు పెట్టలేదో ఇక అడగక్కర్లేదు.

జూలై 26, శనివారం

గడియ బిగించారు. ఇత్తడిది. లోపల నుంచి నేనే మూడుసార్లు వేసి తీసి చూశాను.

సునీతను బయటికి పిలిచి మాట్లాడాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఎవడో బాత్రూం కిటికీలోంచి ఫోను పెట్టాడట. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. "గౌతమక్కతోని నాకు పంచాయితీ లేదు మేడం. తలుపు మూసుకున్నంక కూడ నాకు భయమే. ఆ భయం తప్పా?" కాదన్నాను. ఆమె భయం కూడా నా వాక్యంలో పట్టాలి. ఎలా పడుతుందో ఇంకా తెలియదు.

జూలై 28, సోమవారం

రెహానా రాలేదు.

జూలై 29, మంగళవారం

ఇవాళా రాలేదు. ఫోను ఎత్తడం లేదు. గౌతమి పొద్దుటి నుంచి గుమ్మం వైపే చూస్తోంది. "నా వల్లనేనా మేడం?" అడిగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. రెహానా నంబరుకు మళ్ళీ ఫోను కలిపాను.

జూలై 30, బుధవారం

వాక్యం కుదిరింది. హాలులో నిలబడి చదివాను —

"ఈ హాలు చదువుకోవడానికి వచ్చే ఆడవాళ్ళది, ట్రాన్స్ మహిళలు ఆ ఆడవాళ్ళలో వాళ్ళే, ఇక్కడ ఎవరి వల్ల ఎవరికి భయం కలిగినా, ఆ మాట అదే రోజు వింటాం, తప్పు చేసినవాళ్ళు ఎవరైనా సరే బయటికి పంపుతాం."

సునీత లేచింది. "అదే రోజు వింటాం అన్నరు. మూడుసార్లు చెప్పేదాంక కాదు గదా మేడం?" హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, చెవులు కాలిపోతున్నా. వచ్చి మొదటి సంతకం పెట్టింది. తర్వాత గౌతమి.

ఇద్దరు పిల్లలు పెట్టలేదు. పేర్లు తీయించుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. వాకిలి దాకా వెంట పోయాను, బతిమాలాను. మా ఇంట్ల ఒప్పుకోరు మేడం అన్నారు. బాధగానే ఉంది. అందరినీ ఒప్పించగలనని అనుకోవడం కూడా నా గొప్పే.

ముప్పై తొమ్మిది సంతకాలు. రెహానాది ఒక్కటి కావాలి. ఎల్లుండి మీటింగు.

జూలై 31, గురువారం

ఖాజా భాయ్‌కి ఫోను చేశాను, పొద్దున పదింటికి. రెండోసారికి ఎత్తాడు. వెనక మేకల అరుపులు.

"నెలాఖరయింది భాయ్."

"యాదికుంది మేడం." మేకను ఒకదాన్ని అదిలించాడు. "నా బిడ్డ చెప్పింది. గామె తలుపు కాడ నిలబడిందంట గదా."

"మీ అమ్మాయి కూడా నిలబడింది."

"గదీ చెప్పింది."

నేనే అన్నాను, హాలుకు రూలు రాశాం, రెహానా సంతకం ఒక్కటే తక్కువ, అది లేకపోతే హాలే ఉండదు అని. బతిమాలడం నాకు రాదు, వచ్చినంత వరకు బతిమాలాను.

"ఏం రాసిన్రో సదవండి. నాకు సదువు రాదు, మీరు సదివితే ఇంట."

చదివాను. "ఇంకొకసారి సదవండి." మళ్ళీ చదివాను, బడిలో డిక్టేషన్ చెప్పినంత నెమ్మదిగా. అవతల ఎవరో బేరం అడుగుతున్నారు, ఆగమని గట్టిగా అరిచాడు.

"మేడం, ఒక ముచ్చట అడుగుత. నేను నా బిడ్డ కోసం మీ గుమ్మం కాడికొచ్చిన. ఆ గౌతమి కోసం వాళ్లోళ్లు ఎవరన్న వచ్చిన్రా? అమ్మ గాని, నాయిన గాని... గిట్ల అడగనీకి?"

చేరిన రోజు ఫారం మీద ఇంటివాళ్ళ పేరు రాసే గడి ఆమె ఖాళీగా వదిలింది. నేనూ అడగలేదు.

"లేదు భాయ్. ఎవరూ రాలేదు."

ఆయన అవతలి బేరగాణ్ణి పొమ్మన్నాడు. ఫోను మాత్రం పెట్టేయలేదు. మేకలు అరుస్తూనే ఉన్నాయి. నేను చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను.