రెండు గంటల తోలు కర్ర

అల్ఫారెట్టా, 1986 మే 5

ప్రభువునందు ప్రియమైన రేణుకు,

కుక్క మొరిగితే వాక్యం ఆగిపోవాలా? నువ్వే చెప్పు! నిన్న మీ బేస్‌మెంట్‌లో జరిగిన కూటంలో నలభై నిమిషాలు నిప్పులు కురిపించాను. "మారుమనస్సు పొందేవాళ్ళు లేచి నిలబడండి" అనబోతుండగా పైన వంటింట్లో మీ బ్రౌనీ అందుకుంది. అందరూ లేచారు. భోజనానికి! ఆ పిలుపు ఇవ్వని ప్రసంగం కోత కోయని చేనమ్మా.

నీ క్షేమం కోరే,
బ్రదర్ కృపానందం

తా.క. ఫోన్‌లో అయితే కోపానికి నోరు జారుతుందని ఉత్తరం రాస్తున్నాను. మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

మే 8

అంకుల్‌కి వందనాలు.

సారీ అంకుల్. పెట్ షాప్‌లో అడిగి బ్రౌనీకి తోలు కర్రలు కొన్నాను. ఎండబెట్టిన తోలును మెలితిప్పి చేస్తారు. తినేదే, కానీ ఓ పట్టాన అవదు. టైమ్ చూశాను, రెండు గంటల పది నిమిషాలు నమిలింది! ఆదివారం ఆంటీ ఎలాగూ వంటింట్లోనే ఉంటారు, కాస్త కనిపెట్టుకోమనండి.

మీ రేణు

తా.క. మీకు రెండు గంటలు చాలవంటే చెప్పండి, రెండేసి ఇస్తాను.

మే 19

రేణూ,

రెండు ఆదివారాలు! రెండుసార్లూ సరిగ్గా నలభయ్యో నిమిషానికే మొరిగింది. నువ్వు చిన్నవి కొన్నావు. దేవుడి పనికి సగం ఇచ్చి సగం దాచుకున్న మొగుడూ పెళ్ళాలకి ఏ గతి పట్టిందో వాక్యంలో ఉంది, చదువుకో!

కృపానందం

తా.క. మీ ఆంటీ నిన్నే వెనకేసుకొస్తోంది. ఆవిణ్ణి కూడా తిప్పుకున్నావన్నమాట.

మే 22

అంకుల్‌కి వందనాలు.

ఒట్టు అంకుల్, షాప్‌లో అన్నిటికంటే పెద్దవే కొన్నాను. మామూలు రోజుల్లో రెండు గంటలు, ఆదివారం మాత్రం నలభై నిమిషాలు. నాకూ అర్థం కావట్లేదు.

రేణు

తా.క. అంతసేపు నమిలితే నేల మీద చిన్న ముక్కైనా పడాలి కదా? ఆదివారాలు మా కిచెన్ అద్దంలా ఉంటోంది!

జూన్ 2

అమ్మా రేణూ,

నన్ను క్షమించు. నిన్న కార్‌లో తుమ్ము వచ్చి, రుమాలు కోసం మీ ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టాను. సగం నమిలిన తోలు కర్రలు. నాలుగు!

"దయామణీ, ఏంటివి?"

"మరేం చెయ్యమంటారు? మీరు పరలోకం చేరేసరికి బిర్యానీ చల్లారిపోతోంది. మొదటి వారం బ్రౌనీ దానంతటదే మొరిగింది, మీరు ఆమెన్ అన్నారు. ఆ తర్వాత దాని నోట్లోంచి నేనే లాగుతున్నాను. ఆకలిగొన్నవారికి పెట్టమని వాక్యంలో లేదా?"

ఉంది. ఎక్కడుందో కూడా నాకు తెలుసు. అదే నా బాధ.

దొంగిలించినదానికి నాలుగింతలు తిరిగి ఇచ్చుకోవాలి. నాలుగు నాలుగులు పదహారు కర్రలు పార్సిల్ చేశాను. ఈ ఆదివారం నా పిలుపు ముందే ఇచ్చేస్తాను, ప్రసంగం ఆ తర్వాత. అయినా ఆ కర్రలు మీ ఆంటీ కంటపడని చోట దాచు.

సిగ్గుతో,
కృపానందం

తా.క. నువ్వు ఒట్టు వేయడం తప్పు. నిన్ను అనుమానించడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంకో తా.క. రేణూ, ఈయన రాస్తారు గానీ కవరు అంటించేది నేనే. ఈ వారం బిర్యానీ వంతు నాది. రేపూ ఎల్లుండీ అనకు తల్లీ, కర్రలు ఎక్కడ దాస్తావో ఇవాళే, ఈ నిమిషమే ఫోన్ చేసి చెప్పు! – దయామణి ఆంటీ