లైను తెంపింది నువ్వే

తమ్ముడికి,

నీ ఫోను ఎత్తడం లేదని మరదలి చేత కబురు పంపావు. నువ్వు తవ్వకముందే మా ఆసుపత్రి లైను పోయిందని విచారణలో చెప్పాలట. చెప్పను.

ఆసుపత్రి పక్కన నీ షాపు మురుగుకాలువ కోసం యంత్రం తెప్పించావు. కింద ఫైబర్ కేబుల్ ఉందని రాసిన పలకను నీ చేత్తోనే పీకి పడేశావు. అప్పుడు నా స్కానింగ్ గదిలో దర్జీ ఆవిడ ఉంది, పక్షవాతంతో మూతి వంకరపోయి. మెదడు స్కాన్ చూసి మందు చెప్పే డాక్టరు వేరే ఊళ్లో ఉంటాడు. బొమ్మ ఆయనకు చేరేది ఆ కేబుల్లోంచే. ఉన్నట్టుండి లైను పోయింది, టవరుకూ అదే కేబుల్ కావడంతో సెల్ ఫోనూ మూగబోయింది. ఆవిడ గట్టిగా పట్టుకున్న నా చెయ్యి విడిపించుకుని నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాను.

"వెంట్రుకంత గాజు తీగక్కా, అతికిస్తే సరి. సినిమా ఆగిపోయిందా ఏంటి?" అని నవ్వావు.

ఆవిడను అంబులెన్సులో ఆ ఊరు చేర్చేసరికి మందు పనిచేసే వేళ దాటిపోయింది. ఇప్పుడు ఆవిడకు మాట లేదు. కుడిచెయ్యి లేవదు.

రక్తసంబంధం గుర్తుంచుకోమన్నావట. నిన్న ఆవిడ భర్త వచ్చి, "ఆ లైను తెంపిందెవరో తెలుసామ్మా?" అని అడిగాడు.

"మా తమ్ముడే" అన్నాను.

విచారణలోనూ ఆ మాటే చెబుతాను. ఇక మా గుమ్మం తొక్కకు.

అక్క